కబుకీ నాటకమున సంగీతము - భావాభివ్యక్తి

నాట్యమునకు గీతవాద్యములు అంగములని మన లాక్షణికు లెల్లరును చెప్పియున్నారు. కాని అంగమనగా నేమి? నటుడు వాక్కుచేతను అభినయముచేతను ప్రకటించిన భావమునే సంగీతము మరల నొకమారు బిగ్గరగా చెప్పుటయా? లేక నటుడు చెప్పనిదానిని, చెప్పరానిదానిని తాను చెప్పుటయా? మొదటిది నిజమైనచో సంగీతము వెలుపలినుండి తొడిగిన ఆభరణ మగును. తీసివేసినను నాటకము నిలుచును. రెండవది నిజమైనచో అది నాటకార్థమున నొక భాగమగును; దానిని తొలగించినచో అర్థమే లోపించును. ఈ ప్రశ్నను విచారించుటకు జపాను దేశపు కబుకీ నాటకము మిక్కిలి అనుకూలమైన లక్ష్యము. నాలుగు వందల యేండ్లకు పైబడిన చరిత్ర గల యీ నాటకము నేటికిని వృత్తినటులచే ప్రదర్శింపబడుచున్నది. అందు సంగీతము బొత్తిగా వినబడని ఘట్టములు అరుదు. అయినను కబుకీ నటుడు సాధారణముగా పాడడు. పాత్ర దుఃఖమును వేరొకడు పాడును. పాత్ర నడకను మరియొకడు చెక్కలపై మ్రోయించును. పాత్ర మనస్సులోని చలిని తెరవెనుకనున్న భేరి తెలుపును. ఈ విచిత్రమైన యేర్పాటు ఎట్లు కలిగినదో, అది ప్రేక్షకుని హృదయమును ఎట్లు చేరునో కొన్ని ప్రసిద్ధనాటకముల ఆధారమున వివరించుట ఈ వ్యాసోద్దేశము.

పుట్టుపూర్వోత్తరములు

కబుకీ యను పేరును నేడు మూడు చిత్రాక్షరములతో వ్రాయుదురు. వానికి వరుసగా గీతము, నృత్యము, నైపుణ్యము అని యర్థము. ఇది తరువాతికాలమున కూర్చిన లేఖనము. పదము మాత్రము ‘కబుకు’ అను క్రియనుండి పుట్టినది. ఒరగుట, లోకమర్యాదను మీరి వర్తించుట అని దాని భావము. పుట్టుకయందు మర్యాద మీరినదైనను, పెరుగుదలయందు గీతనృత్యములను నైపుణ్యముతో మేళవించిన కళ యగుటచే రెండు వ్యుత్పత్తులును దానికి తగియే యున్నవి.

1603వ సంవత్సరమున క్యోతో నగరములో ఓకుని యను నర్తకి చేసిన ప్రదర్శనములతో కబుకీ ఆరంభమైనదని చరిత్రకారులు చెప్పుదురు. ఆమె వాడిన వాద్యములు అంతకు పూర్వమే ప్రసిద్ధమైన నో నాటకమునుండి గ్రహించిన వేణువును మద్దెలలును. కబుకీకి నేడు ప్రాణప్రాయమైన షమిసెన్ అను మూడుతంత్రుల వాద్యము అప్పటి కింకను ఆ రంగమున కెక్కలేదు. అది పదునారవ శతాబ్ది మధ్యభాగమున ర్యూక్యూ ద్వీపములనుండి జపాను చేరినది. ర్యూక్యూ వాద్యమునకు పాముచర్మము మూయుదురు. జపానువారు దానికి మారుగా పిల్లిచర్మమును, కుక్కచర్మమును వాడిరి. బీవా యను తమ ప్రాచీనవాద్యమును వాయించిన అలవాటు చొప్పున దీనిని గూడ వెడల్పైన పలకతో మీటనారంభించిరి. ఓకుని తరువాత వచ్చిన వేశ్యాబృందముల కాలమున షమిసెన్ కబుకీ వేదికపై ప్రవేశించినది. 1629లో ప్రభుత్వము స్త్రీలు నటించుటను నిషేధించెను. 1652లో బాలుర ప్రదర్శనములను గూడ మాన్పించెను. ఇక మిగిలినవారు వయస్సు వచ్చిన పురుషులు. రూపాకర్షణము తగ్గినకొలది కథకును నటనకును ప్రాధాన్యము హెచ్చినది.

ఇంతలో ఓసాకా నగరమున మరియొక కళ వృద్ధిపొందుచుండెను. 1684లో తకెమొతో గిదాయు అను గాయకుడు అచ్చట తన పేర నొక బొమ్మలాటశాలను స్థాపించెను. చికమత్సు మొన్‌జయెమొన్ (1653-1725) అతనికి నాటకములు వ్రాసి యిచ్చెను. బొమ్మ మాటాడదు, ఏడ్వదు. కావున కథకుడే వర్ణనమును, పాత్రల సంభాషణమును, నవ్వును, ఏడ్పును తన కంఠమున పలికించును. అతని పక్కన కూర్చుండిన షమిసెన్ వాదకుడు అతని ఊపిరికి తోడుగా మీటును. దేహ మొకచోట, గొంతు మరియొకచోట నుండుట బొమ్మలాటకు తప్పనిసరి. జనాదరణము పొందిన యీ నాటకములను కబుకీ నటులు తమ వేదికపైకి తెచ్చుకొనిరి. నటులకు నోరున్నది, సంభాషణములను వారే పలుకగలరు. అయినను కథకుని వారు విడిచిపెట్టలేదు. మాటలను తాము గ్రహించి, వర్ణనమును, పాత్రయొక్క అంతరంగమును తెలుపు భాగములను కథకునికే వదలిరి. గిదాయు సంప్రదాయమునకు చెందిన యీ కబుకీ కథకులకు తకెమొతో అనియే పేరు.

నేను చెప్పదలచినదానికి కీలక మిచ్చటనే యున్నది. బొమ్మకు గొంతు లేనందున ఏర్పడిన విభజనము, గొంతు గల నటుడు వచ్చిన తరువాతను నిలిచిపోయినది. అవసరము పోయినను ఏర్పాటు పోకపోవుటకు కారణము, అది మరియొక ప్రయోజనమును సాధించుటయే. దేహమొకటి చూపుచుండగా గొంతు వేరొకటి చెప్పవచ్చునను సత్యమును నటులు కనుగొనిరి. ఒక్కొక్కచోట ఒకే వాక్యమును నటు డారంభింపగా కథకుడు ముగించును. నటుడు నోరు మూసికొన్నచోట కథకుని గీతము మొదలగును. బొమ్మలాటయందు బొమ్మ కథకుని అనుసరించును. కబుకీయందు కథకుడు నటుని అనుసరింపవలెను. నటుడు ఆ దినమున ఎంతసేపు నిలుచునో, ఎచ్చట ఊపిరి పీల్చునో కనిపెట్టి కథకుడును వాదకుడును తమ కాలప్రమాణమును మార్చుకొందురు. నటుడు షమిసెన్ మీటులకు సరిగా తన పలుకును కదలికను నడుపుటను ‘తంత్రిపై నెక్కుట’ అను అర్థము గల మాటతో జపానువారు వ్యవహరింతురు. స్త్రీపాత్రల విలాపఘట్టములయందు ఇది స్పష్టముగా కనబడును.

వాద్యకారుల స్థానములు

కబుకీ వేదికపై సంగీతము ఒక్కచోటినుండి రాదు. అది వచ్చు చోటును బట్టియే దాని యర్థము మారును. కావున ఈ స్థానములను తెలిసికొనుట ఆవశ్యకము.

మొదటిది వేదికమీదనే, అందరికిని కనబడునట్లు కూర్చుండు బృందము. నృత్యనాటకములలో వెనుకభాగమున మెట్టుమెట్టుగా నమర్చిన అరుగులపై, పైమెట్టున గాయకులును షమిసెన్ వాదకులును, క్రిందిమెట్టున వేణువు, మద్దెలలు వాయించువారును కూర్చుందురు. ఎదో నగరమున పదునెనిమిదవ శతాబ్దిలో వికసించిన నాగౌత యను గానరీతి ఇచ్చట ప్రధానము. రెండవది ప్రేక్షకుల కుడిచేతివైపున నుండు తకెమొతో కథకుని పీఠము. మూడవది ప్రేక్షకుల ఎడమచేతివైపున నల్లని తడిక వెనుకనున్న గది. దీనిని గెజా అందురు. అందున్నవారు ప్రేక్షకులకు కనబడరు. వారికి మాత్రము తడికసందులనుండి వేదికయు, ప్రేక్షకుల నడుమనుండి సాగు హనమిచి యను నడవయు కనబడును. ఈ మూడును గాక వేదిక కుడి అంచున ఒకడు మోకరించి, రెండు చెక్కలతో నేలపై నుంచిన పలకను కొట్టుచుండును. పాత్ర పరుగిడినను, పోరాడినను, భావావేశపు పరాకాష్ఠయందు శిల్పమువలె నిశ్చలముగా నిలిచినను ఆ చెక్కల మ్రోత దానిని గుర్తించును. ఆ నిశ్చలస్థితికి మియె అని పేరు.

ఇట్లు ప్రేక్షకుని చెవికి కుడివైపునుండి పాత్రయొక్క అంతరంగమును, ఎడమవైపునుండి పాత్రచుట్టునున్న లోకమును, ఎదుటినుండి నృత్యగీతమును అందుచుండును. నడుమ నటుని దేహము నిలిచియుండును.

షమిసెన్ - శ్రుతిభేదములు

షమిసెన్ దండి సన్నము, మధ్యమము, లావు అని మూడు విధములు. నాగౌతకు సన్ననిది, తొకివజు, కియొమొతో అను రీతులకు మధ్యమము, గిదాయు రీతికి లావుది వాడుదురు. లావుపాటి దండి గలదాని ధ్వని గంభీరము. పలక చర్మముపై తాకుటచే మీటు ఒక దెబ్బవలె వినబడును. మందరతంత్రి నొకవిధమైన రొద వెడలునట్లు అమర్చుదురు. ఈ రొదను దోషముగా నెంచక వాద్యమునకు జీవముగా భావింతురు. మన తంబురాయందలి జీవాను ఎరిగినవారికి ఇది సులభముగా బోధపడును.

శ్రుతులు ముఖ్యముగా మూడు. మన స్వరసంజ్ఞలతో చెప్పవలెనన్నచో మొదటిది షడ్జమము, శుద్ధమధ్యమము, తారషడ్జమము. ఇది మూలశ్రుతి, గాంభీర్యమునకును స్థైర్యమునకును తగినది. రెండవదానియందు నడిమి తంత్రిని పంచమమునకు పెంచుదురు. ఇది ఉల్లాసమునకు అనుకూలము. మూడవదానియందు మూడవ తంత్రిని కైశికినిషాదమునకు దింపుదురు. ఇది విషాదమునకును శృంగారలాలిత్యమునకును ఉచితమని చెప్పుదురు. ఒకే గీతము నడుమ వాదకుడు బిరడను త్రిప్పి శ్రుతిని మార్చుటయు కలదు. ఈ సంబంధములు కఠిననియమములు కావు. అయినను తరతరములుగా విన్న శ్రోతకు తంత్రి దిగినంతనే మనస్సు దిగును.

1753లో ఎదో నగరమున మొదటి నకమురా తొమిజూరో ప్రదర్శించిన దోజోజీ నృత్యనాటకము దీనికి మంచి యుదాహరణము. ప్రియునిపై పగబట్టి సర్పమైన స్త్రీయొక్క ఆత్మ, నర్తకి రూపమున దోజోజీ ఆలయమున నూతనముగా ప్రతిష్ఠించిన గంటకడకు వచ్చును. పాటలు చాలవరకు కథను చెప్పవు. బంతియాట, యౌవనము, పువ్వులు, ప్రేమ - ఇవి వానిలోని విషయములు. శ్రుతియు లయయు మారినకొలది నర్తకి వేషము మారుచుండును. నడుమ నడుమ ఆమె చూపు ఒక్కక్షణము గంటవైపు పోవును. ఉల్లాసగీతమున ఆ చూపుకు సమానమైన మాట లేదు. పాట ఎంత ప్రసన్నముగా నుండునో ఆ చూపు అంత భయంకరమగును.

నల్లతడిక వెనుకనుండి వచ్చు ధ్వనులు

గెజా బృందము వాయించు పెద్దభేరి ధ్వనులకు ఒక నిఘంటువే కలదు. వాన కొక కొట్టుడు, గాలి కొక కొట్టుడు, అలల కొకటి, దయ్యము వచ్చునప్పుడు పొడవైన కోలలతో సన్నగా ఎడతెగక మ్రోయించున దొకటి. వీనిలో కొన్ని అనుకరణములు. మంచుకు సంబంధించినది మాత్రము అనుకరణము కానేరదు. ఏలయన మంచు కురియునపుడు చప్పుడు కాదు. కొనయందు గుడ్డ చుట్టిన కోలతో భేరిని మెత్తగా, సమమైన వ్యవధితో తట్టుదురు. అది వినగానే జపాను ప్రేక్షకునికి మంచు కురియుచున్నదను స్ఫురణ కలుగును. చెవికి అందనిదానిని చెవికి అందించు ఈ ధ్వని, వాస్తవమునకు నకలు కాదు. మంచుపడు రాత్రి ఒంటరిగా నున్న మనుష్యుని మనోనిశ్శబ్దమునకు గుర్తు. మృదువైన ఆ దెబ్బ గుండెచప్పుడునకు దగ్గరగా నుండుటయు ఇచ్చట గమనింపదగినది. బాహ్యప్రకృతియు, అంతఃకరణమును ఒక్క ధ్వనిలో చేరుచున్నవి.

భేరితోపాటు పాటలును ఇచ్చటినుండి వచ్చును. వానిలో మెరియసు అను చిన్నగీతములు భావమునకు సంబంధించినంతవరకు మిక్కిలి ముఖ్యములు. పాత్ర ఒంటరిగా మౌనముగా నుండి ఏదో తలపోయుచుండగా, ఉత్తరము వ్రాయుచుండగా, తల దువ్వుకొనుచుండగా తెరవెనుక నొకరు మెల్లగా పాడుదురు. మెరియసు అనగా సాగుడుగుణము గల అల్లికబట్ట. నటుని అవసరమును బట్టి సాగదీయుటకును కుదించుటకును వీలగుటచే ఆ పేరు వచ్చినదని ఒక వివరణము కలదు. ఏ ఘట్టమున ఏ పాట, ఏ భేరి వాడవలెనో నిర్ణయించి వాద్యబృందమువారు ఒక పుస్తకమున వ్రాసికొందురు. వందలకొలది సిద్ధగీతములలోనుండి తగినదానిని ఎన్నుకొనుటయే వారి విద్యలో ప్రధానభాగము.

సంగీతమునకు గల యీ శక్తిని పాలకులును గుర్తించిరి. మియకోజి బుంగొనొజో అను గాయకుని రీతి క్యోతోనుండి ఎదో నగరమునకు వచ్చి మిక్కిలి ప్రచారము పొందినది. ప్రేమికులు జంటగా ప్రాణత్యాగము చేయు కథలను అతడు కరుణమధురముగా పాడుచుండెను. అది యువజనులను చెడగొట్టుచున్నదని తలచి 1739లో ప్రభుత్వము దానిని ఎదోలో నిషేధించెను. గీతములోని కథకంటె కంఠములోని ఆర్తికే వారు భయపడిరని తోచుచున్నది. ఏలయన నిషేధింపబడినది ఒక నాటకము గాక ఒక గానరీతి. నిషేధముచే అది నశింపలేదు. అతని శిష్యపరంపరనుండియే 1747లో తొకివజు రీతియు, కొంతకాలమునకు 1814లో కియొమొతో రీతియు వెలువడి కబుకీకి ఆభరణములైనవి.

గ్రామపాఠశాల

ఇప్పుడొక నాటకమును విపులముగా పరిశీలింతము. 1746లో ఓసాకా బొమ్మలాటశాలయందు మొదట ప్రదర్శితమై తరువాత కబుకీకి వచ్చిన ‘సుగవర దెంజు తెనరాయి కగమి’ అను మహానాటకమున తెరకోయ యను అంకము సుప్రసిద్ధము. తెరకోయ యనగా పల్లెబడి. ఉపాధ్యాయులమైన మనకు ఇందలి కథ మరింత గాఢముగా తాకును.

మంత్రియైన సుగవర శత్రువుల కుట్రచే ప్రవాసమునకు పోయెను. అతని కుమారుడు కాన్ షూసాయిని పూర్వశిష్యుడైన గెంజో తన పల్లెబడిలో దాచి కాపాడుచున్నాడు. శత్రువులు ఆ సంగతి తెలిసికొని బాలుని తల కావలెనని ఆజ్ఞాపించిరి. తలను గుర్తించుటకు వచ్చువాడు మత్సువోమారు. అతని కుటుంబమునకు సుగవర ఉపకారి. అతడు మాత్రము శత్రువుల కొలువున నున్నాడు. ఆనాటి ఉదయమే ఒక తల్లి కొతారో యను క్రొత్త విద్యార్థిని బడిలో చేర్చి పోయినది. అతని ముఖమున రాజసము చూచి, గెంజో స్వామిపుత్రునికి బదులుగా ఆ యమాయకుని తల నరికి పెట్టెలో నుంచి తెచ్చును. మత్సువోమారు పెట్టె మూత తీసి చూచి, ఇది షూసాయి తలయే యని పలికి వెడలిపోవును. కొతారో అతని సొంతకొడుకు. గెంజో ఇట్లు చేయుననియే అతడు తన కుమారుని బడికి పంపెను.

తల చూచునపుడు మత్సువోమారు ముఖమున ఏ వికారమును కనబడరాదు. కనబడినచో శత్రుసేవకులకు గుట్టు తెలియును. కొడుకు చావు వ్యర్థమగును. అనగా నటుడు తన కళకు ప్రధానసాధనమైన అనుభావమును అణచివేయుటయే ఇచ్చటి అభినయము. ఏడ్వవలసినవాడు ఏడ్వరాదు, నటునికి మాటయును లేదు. ఆ సమయమున ప్రేక్షకునికి మిగిలినది కుడివైపునుండి వచ్చు లావుపాటి దండి షమిసెన్ మీటు ఒక్కటియే. అంతవరకు దట్టముగా సాగిన గానము సన్నగిల్లి, మీటులు విడివిడిగా దూరదూరముగా పడుచుండును. మీటుకును మీటుకును నడుమనున్న వ్యవధిని జపానువారు ‘మ’ అందురు. ఆ వ్యవధిలో తండ్రిదుఃఖమును ప్రేక్షకుడే నింపుకొనవలెను. తొలిసారి చూచువానికి అతడు తండ్రియని తెలియదు; అతనికి ఇది ఉత్కంఠ. కథ తెలిసినవానికి ఇది అసహ్యశోకము. సంగీత మొక్కటే, అది రెండింటికిని తావిచ్చును.

మత్సువోమారు మరల వచ్చి నిజము చెప్పిన తరువాతను అతడు కొడుకుకొరకు నేరుగా ఏడ్వడు. వీరునికి అది తగదు. కొతారో నవ్వుచు మెడ చాచెనని గెంజో చెప్పగా మెచ్చుకొనును. పిమ్మట, స్వామికార్యమున అక్కరకు రాకయే మరణించిన తన సోదరుడు సకురమారుని తలచుకొని బిగ్గరగా ఏడ్చును. సోదరునికొరకైన ఏడ్పులో కొడుకుకొరకైన ఏడ్పు దాగియున్నది. నోటిమాట ఒక పేరు చెప్పుచుండగా గొంతు మరియొక పేరును తలచుచున్నది. మాటకును భావమునకును గల యీ యెడము, నటునికిని కథకునికిని గల యెడమునకు ప్రతిబింబమువలె నున్నది.

తుదిభాగమున మత్సువోమారును అతని భార్యయు శోకసూచకములైన తెల్లని వస్త్రములు ధరించి బాలుని సాగనంపుదురు. అప్పుడు కథకుడు పాడు గీతమునకు ఇరొహా-సాగనంపు అని పేరు. ఇరొహా యనగా జపాను బాలురు బడిలో మొదట నేర్చుకొను నలుబదియేడు అక్షరముల మాల. మన ఓనమాల వంటిది. ఆ అక్షరమాల ఒక పద్యముగా కూర్చబడినది. లోకము అనిత్యమనుట దాని భావము. బడిలో చేరిన మొదటిదినమే మరణించిన పిల్లవానికి అతడు నేర్చుకొనవలసిన అక్షరములే చరమగీతమైనవి. ఈ యూహ తల్లిదండ్రులలో ఎవరికిని తోచి పలికినది కాదు. పాత్రలెవ్వరును దానిని ఎరుగనట్లే యుందురు. అది కథకుని కంఠమునకును ప్రేక్షకుని హృదయమునకును నడుమ జరిగిన సంభాషణము.

పాత్రయొక్క కన్నీటిని పాట చెప్పుట నాగౌత నాటకములందును కలదు. 1840లో ప్రదర్శితమైన కంజించోయందు బెంకెయి యను వీరుడు, కావలివారిని మోసగించుటకై మారువేషమున నున్న తన స్వామినే కర్రతో కొట్టును. గండము గడచిన పిదప స్వామి అతనిని క్షమించి చేయి పట్టుకొనును. జీవితమున ఏనాడును ఏడ్వని బెంకెయి అప్పుడు ఏడ్చెనని చెప్పువారు వెనుక కూర్చుండిన గాయకులు. అతడు తాను చెప్పుకొనడు.

రెండు పిలుపుల నడుమ

1751నాటి ‘ఇచినొతాని ఫుతబ గుంకి’ యను నాటకమునను ఇట్టి పుత్రబలియే కలదు. కుమగాయి యను యోధుడు శత్రుపక్షపు రాజకుమారునికి బదులుగా పదునారేండ్ల తన కుమారుని చంపుకొని, తల గొరిగించుకొని సన్న్యాసియై వెడలును. నేడు ప్రచారమున నున్న ఒక ప్రదర్శనపద్ధతియందు చివర తెర పడును. కుమగాయి తెరకు వెలుపల హనమిచిపై ఒంటరిగా నిలిచియుండును. అప్పుడొక షమిసెన్ వాదకుడు తెర ప్రక్కకు వచ్చి నిలువబడి వీడుకోలు మీటును వాయించును. కుమగాయి నాలుగడుగులు వేయునంతలో దూరమునుండి యుద్ధపు గంటయు భేరియు వినబడును. సన్న్యాసి దేహము ఉలికిపడి యోధుని దేహమగును. మరుక్షణమున తన స్థితి జ్ఞప్తికి రాగా, ఆ ధ్వనిని విననొల్లక టోపీతో తల కప్పుకొని పారిపోవునట్లు వెడలును. ఇచ్చట రెండు వాద్యములు ఒకే మనుష్యుని రెండు దిక్కులకు లాగుచున్నవి. భేరి అతని గతము. షమిసెన్ అతని దుఃఖము. సంగీతము తొలగించినచో నొకడు నడచిపోవుట మాత్రమే మిగులును.

భావమునకు ఎదురునడచు సంగీతము

సంగీతము పాత్రయొక్క మరుగుభావమును చెప్పుట ఒక పద్ధతి. పాత్రయొక్క భావమును పట్టించుకొనకయే సాగిపోవుట మరియొక పద్ధతి. రెండవది మొదటిదానికంటె తీక్ష్ణము.

నాలుగవ త్సురుయ నంబొకు 1825లో వ్రాసిన యొత్సుయ కైదాన్ అను నాటకమున ఓయివా యను ఇల్లాలు ప్రసవించి వ్యాధితో నుండగా, పొరుగువారు ఔషధమని విషము పంపుదురు. ఆమె ముఖము వికృతమగును. భర్త తన్ను విడువదలచెనని తెలిసి, పొరుగువారిని నిలదీయుటకై పోదలచి, మర్యాదగల స్త్రీవలె సింగారించుకొన దొడగును. దువ్వెన పెట్టినంతనే వెంట్రుకలు కుచ్చులుకుచ్చులుగా ఊడివచ్చును. ఆ సమయమున తెరవెనుకనుండి ఒంటిగొంతుతో మధురమైన పాట వినబడును. కబుకీయందు తల దువ్వుట అనునది అనాదిగా శృంగారఘట్టము; స్త్రీ ప్రియుని తల దువ్వుచుండగా మృదుగీతము పాడుట ఆచారము. నంబొకు ఆ ఆచారమును, ఆ పాటను అట్లే యుంచి ప్రియుని తీసివేసెను. పాట లాలించుచుండగా వెంట్రుకలు రాలుచుండును. భీభత్సమైన దృశ్యమునకు భీభత్సమైన సంగీతమే తోడై యున్నచో ప్రేక్షకుడు కన్నులు మూసికొని యుండును. పాటయందలి లాలిత్యము, ఆమెకు దక్కవలసియుండి దక్కని ప్రేమను జ్ఞాపకము చేయుటచే, జుగుప్స కరుణగా మారుచున్నది.

కవతకె మొకువామి (1816-1893) ఈ పద్ధతిని ఇంకను ముందునకు నడిపెను. అతని నాటకములలో పొరుగింట ఎవరో పాటను అభ్యసించుచుండగా అది ఈ యింట వినబడుచున్నట్లు కల్పింపబడిన ఘట్టములు కలవు. 1881లో తోక్యో నగరమున షింతొమి-జా యందు ప్రదర్శితమైన నాటకమున నవొజిరో యను నేరస్థుడు రక్షకభటులనుండి తప్పించుకొని పారిపోవుచు, వ్యాధితో నున్న మిచితొసె యను వేశ్యను తుదిసారి చూచుటకు మంచుకురియు రాత్రి వచ్చును. గుడ్డ చుట్టిన కోలతో కొట్టిన భేరి మెత్తగా మ్రోగుచుండును. పొరుగింటినుండి కియొమొతో గీతము వినవచ్చును. ఆ పాట వీరికొరకు పాడినది కాదు; పాడువారికి వీరి సంగతి తెలియదు. అయినను వియోగమును గూర్చిన ఆ గీతమునకు వీరి కదలికలు తమంత తామే కుదిరిపోవును. తమ దుఃఖము ఎవరికిని తెలియని యిద్దరకు, తెలియకయే యెవరో ఓదార్పు పంపుచున్నట్లుండును. లోకము ఎప్పటివలె సుఖముగా నున్నది. మనము మాత్రము విడిపోవుచున్నాము - ఈ భావమును సంభాషణమున చెప్పినచో పేలవమగును. పొరుగింటి పాట దానిని చెప్పకయే తెలుపుచున్నది. దుఃఖమును దుఃఖమని పేరుపెట్టి చెప్పరాదనియు, సందర్భమునుండియే కరుణ పుట్టవలెననియు చికమత్సు అభిప్రాయపడినట్లు అతని అనంతరము 1738లో వెలువడిన గ్రంథమువలన తెలియుచున్నది. మొకువామి ఆ సూత్రమును సంగీతమునకు అన్వయించెనని చెప్పవచ్చును.

ఉపసంహారము

పైన చూపిన లక్ష్యములవలన మూడు విషయములు తేలుచున్నవి. పాత్ర దాచిన భావమును సంగీతము వహించును. ధ్వని లేని వస్తువునకు ధ్వని నిచ్చి మనస్స్థితిని సూచించును. దృశ్యమునకు ఎదురుగా నిలిచి, రెండింటి నడుమ నున్న యెడమున భావమును పుట్టించును. మూడింటియందును భావము నటునిలోగాని, గాయకునిలోగాని సంపూర్ణముగా లేదు. చూచుచు వినుచు రెండింటిని జోడించుకొను సామాజికునియందే అది పూర్తియగుచున్నది.

భరతుడు నాట్యమున వాడదగిన ధ్రువాగీతములను పాత్రప్రవేశమునకు, నిష్క్రమణమునకు, భావాంతరమునకు, ప్రసాదనమునకు, అంతరాళమునకు అని ఐదు విధములుగా విభజించెను. అవియు పాత్ర పాడునవి కావు. గాయకులు పాడి పాత్రావస్థను అన్యాపదేశముగా సూచించునవి. ఈ పోలికనుబట్టి ఒకదానినుండి మరియొకటి పుట్టినదని చెప్పుట సాహసము. నేను ఆ మాట చెప్పుటలేదు. పాత్రభావమును పాత్రేతరుడు పాడుటలో నొక నాట్యధర్మము కలదని, దానిని దూరదేశములవారు వేరువేరు దారులలో కనుగొనిరని మాత్రమే నా మనవి. మనయందు ధ్రువాగానపు ప్రయోగసంప్రదాయము చాలవరకు గ్రంథస్థమై మిగిలినది. కబుకీయందు అట్టి సూత్రము నేటికిని రంగముపై సజీవముగా నుండుట పరిశోధకులకు భాగ్యము.

ఆ జీవమును కాపాడుట సులభముగా జరుగలేదు. ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధమున తకెమొతో కథకులసంఖ్య మిక్కిలి తగ్గిపోగా, 1966లో తోక్యోయందు స్థాపింపబడిన జాతీయనాటకశాలవారు 1975నుండి వారికి శిక్షణ మొసగ నారంభించిరి. 2008లో కబుకీ యునెస్కోవారి అమూర్త సాంస్కృతిక వారసత్వపు పట్టికలో చేరినది. సంగీతము కేవలము అలంకారమే యైనచో, కథకులు కరవైనపుడు ముద్రితధ్వనితో పని జరుపుకొనవచ్చును. కాని ఈనాటి నటుడు ఈ క్షణమున ఎంతసేపు మౌనముగా నిలుచునో ముద్రితధ్వనికి తెలియదు. ఆ మౌనమును కనిపెట్టి మీటు వేయుటకు మనుష్యుడే కావలెను. శిక్షణాలయము నెలకొల్పినవారు మనము మొదట వేసిన ప్రశ్నకు తమ చేతలతో సమాధానము చెప్పిరి.

నాటకసాహిత్యమును బోధించువారు ఇందుండి గ్రహింపదగిన దొకటి కలదు. మనము నాటకములను చాలవరకు పుస్తకములలో చదువుదుము. తెరకోయను చదివినవాడు తల చూచు ఘట్టమున మత్సువోమారు పలికిన రెండు మాటలను చూచును. మీటుల నడుమనున్న వ్యవధి అతనికి కనబడదు. యొత్సుయ కైదాన్ చదివినవానికి పాటయొక్క సూచన దొరకినను దాని లాలిత్యము వినబడదు. కావున ఏ నాటకమునైనను పఠించునపుడు పాత్ర యేమి చెప్పెనని ప్రశ్నించుటతో తృప్తి చెందక, పాత్ర చెప్పనిదానిని ఎవరు చెప్పుచున్నారు, ఎచ్చట నుండి చెప్పుచున్నారు అని కూడ ప్రశ్నింపవలెను.